నాన్నకి పనస కర్ర కుర్చీ, సీటు నులకతో అల్లించాలి – కొలతలు, తాడు గురించి చెప్పండి

కంచిలి_కుర్రోడు:
అందరికీ నమస్తే. ఉండేది విజయనగరం, సొంతూరు ఉద్దానంలో కంచిలి దగ్గర. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా తోటలో కొబ్బరి, జీడి చెట్లతో పాటు ఓ పెద్ద పనస చెట్టు కూడా కూలిపోయింది, దాన్ని అప్పుడే మిల్లుకి తోలి రెండంగుళాల మందంలో పలకలు కోయించి సాల అటక మీద పేర్చేశాం, ఇన్నాళ్లూ అలాగే ఉన్నాయి. ఇప్పుడు వాటితో నాన్నకి ఓ కుర్చీ చేయిద్దామని. ఆయనకి డెబ్భై దాటాయి, మోకాళ్ల నొప్పులు, ప్లాస్టిక్ కుర్చీలో చేతులు ఆనించి లేద్దామంటే దాని కాళ్లు విచ్చుకుంటాయి, సోఫాలో అయితే ఎవరో ఒకరు చెయ్యివ్వాల్సిందే. కుషన్ వద్దంటాడు, ఎండాకాలం కింద చెమట పట్టేస్తాదని. జీవితమంతా నులక మంచం మీద పడుకున్న మనిషి కాబట్టి కుర్చీకి కూడా నులకే అల్లించమంటున్నాడు.

మా ఊరి మేస్త్రిని అడిగితే "ఫొటో చూపించు బాబూ, దింపేస్తాను" అంటున్నాడు. మంచి పనివాడే, తలుపులు మంచాలు చేస్తాడు, కానీ ఇలాంటి కుర్చీ చెయ్యలేదంట. నెట్‌లో ఫొటోలు బోలెడున్నాయి గానీ కొలతలు ఎవడూ ఇవ్వడు. ఎత్తు ఎంత, లోతు ఎంత, పట్టెలు ఎంత లావు ఉండాలి, మంచానికి వాడే కొబ్బరి నులకే దీనికీ వాడొచ్చా, పనస కర్ర ఈ బరువు ఆగుతుందా, కుర్చీకి చేతులు ఎక్కడ పెట్టాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

చిత్రిక_పట్టు:
మాది పాలకొండ. వడ్రంగం నా వృత్తి కాదు, పదిహేనేళ్ల నుంచి సరదాగా చేస్తున్నా, అల్లిన సీట్ల కుర్చీలు ఇంట్లో నాలుగైదు ఉన్నాయి.

ముందు ఫొటో పక్కన పెట్టండి బ్రదర్. అందరూ చెక్క దగ్గర మొదలుపెట్టి, ఫ్రేము అయిపోయాక తాడు కోసం వెతుకుతారు. ఈ రకం కుర్చీకి అది తిరగేసి చెయ్యాలి, ఏ తాడు, ఏ అల్లిక అన్నది తేలితేనే పట్టె ఎంత లావుండాలో తేలుతుంది. ఎందుకంటే కూర్చున్నప్పుడు మనిషి బరువు కిందకి పడుతుంది కానీ తాడు మాత్రం నాలుగు పట్టెల్నీ లోపలికి గుంజుతుంది, ఆ గుంజుడు మనిషి లేచిపోయాక కూడా ఉంటుంది, రాత్రీ పగలూ. పాత మంచాల పట్టెలు మధ్యలో లోపలికి వంగిపోయి ఉంటాయి చూడండి, అదే ఇది. కాబట్టి పట్టె నిలువుగా ఎంత ఉందన్న దానికన్నా అడ్డంగా ఎంత మందం ఉందన్నది ముఖ్యం. పావుతక్కువ అంగుళం పలక తీసుకుని మంచం పట్టెలాగ నిలబెట్టి బిగిస్తే అది విల్లులా వంగుతుంది. 1.25 అంగుళాల గుండ్రటి పట్టె పెట్టండి, సరిపోతుంది.

ఇక కొబ్బరి నులక. నేనైతే వద్దంటాను. గరుకుగా గుచ్చుకుంటుందన్నది ఒక సంగతి, అంతకంటే పెద్ద సంగతి అది సాగుతుంది. కొబ్బరి పీచు ఉన్న నారలన్నిట్లోకీ ఎక్కువ సాగే రకం. మంచానికి పర్లేదు, ఎందుకంటే మంచానికి కాళ్ల వైపు బిగింపు తాడు ఉంటుంది, వదులైతే మళ్లీ లాగి కడతారు. కుర్చీకి ఆ ఏర్పాటు ఎక్కడిది, ఒకసారి అల్లారంటే అంతే, సాగిన తాడు సాగినట్టే గుంట పడి ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషికి గుంట సీటు అంటే సోఫా కష్టమే మళ్లీ. నార రకాల్లో గోగునార, జనుపనార చాలా తక్కువ సాగుతాయి. అవి చూడండి.

కొలతలు చెప్తాను, కానీ ఇవి మీ నాన్నగారి ఒంటికి సరిచూసుకోవాలి. సీటు ముందు వెడల్పు 18 అంగుళాలు, వెనక 15, లోతు 16. లోతు అంతకు మించనివ్వొద్దు, పెద్దవాళ్లకి లోతు ఎక్కువైతే వీపు ఆనదు, ముందుకి జారి కూర్చుంటారు. ఎత్తుకి ఆయన్ని చెప్పుల్లేకుండా బల్ల మీద కూర్చోబెట్టి మోకాలి వెనక మడత నుంచి నేల దాకా టేపుతో కొలవండి. మామూలు మనిషికైతే దానికంటే అర అంగుళం తక్కువ పెడతాం, లేవడం కష్టమైన వాళ్లకి ఒక అంగుళం ఎక్కువే పెట్టాలి. వెనక వైపు ముందుకంటే అర అంగుళం దిగువ, అంతే, అంతకంటే వాలు పెడితే లేవడానికి ఎదురు. వెనక కాలు మొత్తం ఎత్తు 36 అంగుళాలు, సీటు పైనున్న 18 అంగుళాల్లో పైకి వెళ్లేసరికి రెండున్నర అంగుళాలు వెనక్కి వాలాలి.

ఇంకో మాట, చెక్క కొయ్యకముందు ఇంట్లో ఉన్న ఏదో ఒక కుర్చీ మీద పలకలు, పేపర్లు పేర్చి ఆ ఎత్తు తెప్పించి ఆయన్ని కూర్చోబెట్టి లేపి చూడండి. డ్రాయింగ్ కంటే ఇదే ఎక్కువ చెప్తుంది.

బొబ్బిలి_చెక్క:
పనస ఆగుతుందా అని అడుగుతున్నారా, బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు దేంతో చేస్తారో తెలీదా సార్ 😀 ఒకే మొద్దుని తొలిచి ఏకాండి వీణ తీస్తారంటే ఆ కర్ర ఎంత మాట వింటదో చూడండి. కుర్చీకి భేషుగ్గా ఉంటుంది. ఇప్పుడు పసుపుగా ఉన్నది వెలుతురు తగిలేకొద్దీ ఎర్రమట్టి రంగులోకి, గోధుమ రంగులోకి తిరుగుతుంది, పాలిష్ కొట్టి రంగు మార్చాల్సిన పని లేదు.

కానీ చేవ, అంటే లోపలి ముదురు చెక్క, అదొక్కటే వాడండి. బెరడు పక్కనున్న తెల్ల చెక్కకి పుచ్చు పడుతుంది, పట్టెల్లో కాళ్లల్లో ఆ తెల్ల చెక్క ఒక్క వేలు వెడల్పు కూడా రానివ్వొద్దు. అటక మీద అన్నేళ్లు ఉందంటున్నారు కదా, ముందు పలకల్ని కిందకి దింపి దులపండి, సన్న పొడి రాలుతుంటే పురుగు ఇంకా లోపల ఉన్నట్టు.

కాళ్లు గీసేటప్పుడు ధారి, అంటే కర్రలో చారలు పోయే దిశ, చూడండి. మేస్త్రిలు పలక మీద ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ గీసేస్తారు, చెక్క కలిసొస్తుందని. వెనక కాలు వంపుగా ఉంటుంది కాబట్టి ధారి అడ్డంగా తెగితే సరిగ్గా సీటు దగ్గరే పుటుక్కున పోతుంది. పలకలో ధారి కొంచెం వంపు తిరిగిన చోటు ఉంటే అదే వెనక కాలికి దాచండి.

ఈ కుర్చీల్లో ముందు వదులయ్యేది ఏదంటే పక్క పట్టె కుసి, అంటే వెనక కాలి బెజ్జంలోకి దిగే సన్న కొన. వెనక్కి వాలి రెండు కాళ్ల మీద ఊగే బుద్ధి అందరికీ ఉంటుంది, ఆ బరువంతా దాని మీదే. అందుకని పక్కల సీటు పట్టె కాకుండా కింద ఇంకో రెండేసి అడ్డకర్రలు పెట్టించండి, అందం కోసం ఒకటి తీసెయ్యొద్దు. మేకులు వద్దే వద్దు, కుసి, బెజ్జం, జిగురు, పైనుంచి ఒక కొయ్య మేకు. జిగురు కూడా మామూలు తెల్ల ఫెవికాల్ కాకుండా నీటికి ఆగే మెరైన్ రకం తీసుకోండి, మన సముద్రం గాలికి మామూలుది మెత్తబడుతుంది.

పచ్చి కర్ర కాళ్లు, ఎండు కర్ర పట్టెలు అని ఒక పద్ధతి ఉంది, పట్టె గాలిలో తేమకి ఉబ్బుతుంది, కాలు ఆరేకొద్దీ ముడుచుకుంటుంది, జిగురు లేకపోయినా పట్టు వదలదు. మీ పలకలన్నీ ఎండిపోయినవే కాబట్టి పూర్తిగా కుదరదు గానీ సగం కుదురుతుంది. పట్టెల కుసుల్ని మాత్రం వేడి ఇసకలో పెట్టి ఇంకా ఆరబెట్టి, వేడి చల్లారిన వెంటనే కొలత తీసి బెజ్జంలోకి కొట్టించండి. వానాకాలం వచ్చేసరికి అదే బిగుస్తుంది.

ఇజీనారం_అప్ప:
బావూ, పైన రాసినోలు బాగానే రాసినారు గానీ అల్లిక గురించి ఎవలూ సెప్పనేదు. నాను మంచాలు అల్లే ఇంట్ల పుట్టినదాన్ని, సూడు.

మంచం నాగ ఐమూలగ అల్లితే కుర్చీకి నప్పదు. మంచానికి ఒక్క పొర సాలు, పొడుగ్గ ఉంటాది, బరువు పరుసుకుంటాది. కుర్చీల బరువంతా జానెడు సోటు మీద పడతాది. అందికని రెండు పొరలు రావాల, పైనొకటి కిందొకటి. నాలుగు మూలల కాణ్నుంచి మొదలెట్టి మద్దెకి వస్తావు. ముందు పట్టె మీంచి తాడు పోనిచ్చి, కిందనించి పైకి తీసి, పక్క పట్టె మీంచి ఏసి, ఎదటి పక్కకి ఎల్లి అక్కడా అలగే. సుట్టూ తిరిగేసరికి మద్దెల కత్తెర గుర్తు నాగ నాలుగు ముక్కోణాలు పడతాయి. లోపల ఖాళీ మిగులుతాది సూడు, రెండు పొరల మద్దెన, దాన్ల ఎండుగడ్డో పాత గుడ్డలో గట్టిగ కూరీయాల. కూరకపోతే పైపొర ఒక్కటీ మోసి బేగి తెగిపోతాది.

పైన ఆ బావు సీటు ముందు 18 ఎనక 15 అన్నాడు కదేటి, అప్పుడు మూడంగుళాలు తేడా. ముందల రెండు మూలలా అంగుళంనర అంగుళంనర ముందే నింపీయాల, పొట్టి తాడు ముక్కలు పక్కపట్టె లోపల సిన్న మేకుకి కట్టి, ముందు మూలలు సుట్టి, అవతల పక్కపట్టెకి కట్టీడం. అయిదు మిల్లీమీటర్ల తాడయితే ఏడెనిమిది వరసలు పడతాయి. అప్పుడు మిగిలింది సదరంగ వస్తాది, ఇంక మామూలుగ అల్లుకోడమే. ఇది సెయ్యకపోతే మద్దెల కత్తెర వంకర పోతాది, ఎంత లాగినా సరవదు.

తాడు సంగతి. గోగునార తాడు పేనించుకో, మిల్లు పురికోస కొనకు. మిల్లుల నార మెత్తబడ్డానికి నూనె కొడతారు, ఆ కిరసనాయిలు వాసన ఇంట్ల ఉండిపోతాది. నెల్లిమర్ల జూట్ మిల్లు సుట్టుపక్కల ఒకప్పుడు ఎటు సూసినా గోగు సేలే, సెరువుల్ల నానబెట్టి నార తీసీవోరు, ఆ కంపు ఊరు దాటినా వొచ్చీది 😄 ఇప్పుడు తగ్గిపోనాది గానీ ఊళ్లల్ల అడిగితే పేనీవోలు ఇంకా ఉన్నారు. మూడు పోగులు పేనమను, అంతా ఒక్క లావు రావాల. నూగు లేస్తాది, అల్లడం అయినాక కొవ్వొత్తి మంట అలా అలా సూపిత్తే కాలిపోతాది, జాగర్త మరి, ఆరుబైట, పక్కన నీల సెంబు పెట్టుకొని సెయ్యి.

అల్లీటప్పుడు తాడుని తడిగుడ్డతో తుడుస్త అల్లు, పూర్తిగ నానబెట్టకు. రోజుకి సగం అల్లి వదిలెయ్యకు, మొదలెట్టినోజే మూలలు నాలుగూ దాటించీ.

ప్లాస్టిక్_వైరే_మేలు:
అందరూ బాగా చెప్పారు కానీ డెబ్భై దాటిన మనిషికి ఇన్ని ప్రయోగాలు ఎందుకండీ. వైర్ అల్లిన ఇనప ఫ్రేము కుర్చీ బజార్లో దొరుకుతుంది, నీళ్లు పడినా ఏం కాదు, ఎలక కొరకదు. నార తాడుకి మన దగ్గర వానాకాలంలో బూజు పడుతుంది, తడిసిన జనపనార బలం తగ్గుతుంది, ఇది ఎవరూ చెప్పట్లేదు. అందం కావాలంటే పేము అల్లించండి. చండీగఢ్‌లో 1950ల్లో ఆర్కిటెక్ట్ పియరె జానరె టేకు, పేముతో ఆఫీసు కుర్చీలు చేయించాడు, గవర్నమెంటు వాళ్లు తర్వాత పాతవని గుట్టలు పోసి పారేశారు, ఇప్పుడవే విదేశాల వేలంపాటల్లో లక్షలు పలుకుతున్నాయి.

చిత్రిక_పట్టు:
బూజు మాట కరెక్టే, ఒప్పుకుంటా. వరండాలో జల్లు కొట్టే చోట పెడితే నార తాడు నిలవదు. ఇంట్లో ఉంచుకునే వాళ్లకే ఇది. పేము కూడా మంచిదే కానీ దానికి ఫ్రేము వేరు సార్. పేముకి చట్రం చుట్టూ అర అంగుళానికి ఒకటి చొప్పున సన్న బెజ్జాలు వెయ్యాలి, రెండంగుళాల వెడల్పు చదును పలక ఉండాలి, గుండ్రటి పట్టె మీద కుదరదు. పైగా పేము ఎండిపోతే పెళుసెక్కి విరుగుతుంది, అప్పుడప్పుడు కింద నుంచి తడి చెయ్యాలి. అల్లేవాళ్లు మన జిల్లాల్లో నాకైతే తారసపడలేదు. గోగుతాడు పోతే ఊళ్లోనే ఎవరో ఒకరు మళ్లీ అల్లుతారు, నా ఓటు అందుకే దానికి.

ఊరికే పాతకాలం మోజు అనుకోకండి, డెన్మార్క్‌లో హాన్స్ వెగ్నర్ అనే ఫర్నిచర్ డిజైనర్ 1949లో గీసిన విష్‌బోన్ కుర్చీ చూడండి, ఇప్పటికీ చేస్తున్నారు, దాని సీటు కాగితాన్ని మెలిపెట్టి చేసిన తాడుతో అల్లుతారు. కాగితం! ఒక్కో సీటుకి దాదాపు 120 మీటర్లు పడుతుంది. అల్లిక ఇందాక అప్ప చెప్పిన అల్లికే, మూలల్నించి మధ్యకి. సాగని తాడు, గుండ్రటి అంచు, రెండు పొరలు, ఈ మూడూ ఉంటే తాడు కాగితందైనా ఏళ్ల తరబడి మోస్తుంది.

కంచిలి_కుర్రోడు:
అందరికీ చాలా థాంక్స్, ముఖ్యంగా అప్పకి 🙏 మా అమ్మకి చదివి వినిపిస్తే "ఎవలమ్మా ఈమె, బాగా సెప్పింది" అంది.

నాన్న మోకాలి మడత ఎత్తు 16.5 వచ్చింది. చెప్పినట్టే పలకలు పేర్చి చూశాం, 17.5 దగ్గర చెయ్యి ఆనించి తనే లేచాడు, 16 దగ్గర లేవలేకపోయాడు. అంత తేడా ఉంటుందనుకోలేదు. పలకలు దులిపితే రెండింట్లో పొడి రాలింది, అవి పక్కన పడేశాం, మిగతావి శుభ్రంగా ఉన్నాయి.

ఇంకా డౌట్లు. తాడు ఎన్ని మీటర్లు పేనించాలి? చేతులు ఎంత ఎత్తు? ముందు కాల్లో ముందు పట్టె కుసి, పక్క పట్టె కుసి రెండూ ఒకే చోట ఢీకొంటాయి కదా అని మేస్త్రి అడుగుతున్నాడు, నాకు జవాబు తెలీలేదు. తాడు దొరక్కపోతే నవారు వాడొచ్చా?

చిత్రిక_పట్టు:
మంచి మేస్త్రి, సరైన ప్రశ్న అడిగాడు. పక్క పట్టెల్ని ముందు పట్టె కంటే అర అంగుళం పైకి పెట్టమనండి. కుసి లావు ముప్పావు అంగుళం, లోతు అంగుళంపావు, కాలు 1.75 చదరం. ముందు పట్టె కుసిని ముందుగా ఎక్కించి జిగురు ఆరాక అప్పుడు పక్క బెజ్జం వెయ్యాలి. ఆ బెజ్జం ముందు కుసి పైఅంచుని పావు అంగుళం కొరుకుతుంది, పక్క కుసి అందులోకి దిగిందంటే ముందుది ఇంక బయటికి రాదు, ఒకదానికొకటి గడియ. పైగా ముందు పట్టె కిందకి ఉంటే తొడల కింద నొక్కుడు పడదు, రక్తం ఆడుతుంది. నాన్నగారికి 17.5 అన్నది ఈ ముందు పట్టె పైభాగానికి కొలవండి. తాడు బిగిశాక కూర్చుంటే అర అంగుళం దాకా దిగుతుంది, అయినా ఆయన మడత కంటే ఎత్తులోనే ఉంటారు.

తాడు లెక్క సులువు. సీటు సగటు వెడల్పు 16.5 అంగుళాలు, లోతు 16, మీటర్లలో 0.42 ఇంటూ 0.41, అంటే 0.17 చదరపు మీటర్లు. పైనా కిందా రెండు పొరలు, వాటి మధ్యలోంచి ఎదటి పట్టెకి దాటే తాడు ఇంకో పొరంత, కాబట్టి మూడింతలు, 0.51. దాన్ని తాడు లావు 0.005తో భాగిస్తే 102 మీటర్లు. ముడులకీ వేస్టుకీ కలిపి 112 పేనించండి. తాడు 4 మిల్లీమీటర్లే వస్తే 140 దాకా పడుతుంది, కాబట్టి ముందు కొంచెం పేనించి పది వరసలు పక్కపక్కన చుట్టి స్కేలుతో కొలిచి అప్పుడు మిగతాది చెప్పండి.

నవారు నిక్షేపంగా వాడొచ్చు, అమెరికాలో షేకర్లని ఒక మతం వాళ్లు ఉండేవారు, వాళ్ల కుర్చీలకి సరిగ్గా నవారు లాంటి పట్టీలే. పడుగు పేక లాగ, ముందునించి వెనక్కి ఒక పొర, పక్కనించి పక్కకి ఒక పొర, గళ్లు పడతాయి. రెండున్నర అంగుళాల మంచం నవారైతే 12 మీటర్లు చాలు. నూలుది తీసుకోండి, నైలాన్ జారుతుంది, సాగుతుంది. నూలు నవారు కూడా కొంచెం సాగుతుంది, అందుకని ఇద్దరు మనుషులు పట్టి లాగి అల్లాలి.

చేతులు సీటు మీద నుంచి 8 అంగుళాలు. ముఖ్యమైనది ఎత్తు కంటే పొడవు. షోరూం కుర్చీల్లో చేతులు సీటు మధ్యలోనే ఆగిపోతాయి, టేబుల్ కిందకి దూరాలని. మీకు ఆ అవసరం లేదు. ముందు కాలి దాకా రావాలి, ముందు కాలే పైకి పెరిగి చేతిని మొయ్యాలి, చివర అరచెయ్యి పట్టేంత వెడల్పు, మూడు అంగుళాలు ఉంచండి. లేచేటప్పుడు ఆయన బరువంతా ఆ చివరి మీదే పడుతుంది.

పలాస_జీడి:
ఒక్క చిన్న సలహా. కాళ్ల అడుగున జీడిపిక్కల నూనె పూయండి, చెద రాదు, మా దగ్గర పడవలకి అదే పూస్తారు. నల్లగా అవుద్ది గానీ అడుగు ఎవడు చూస్తాడు.

బొబ్బిలి_చెక్క:
అడుగున ఓకే, పైకి మాత్రం రానివ్వకండి మహాప్రభో. ఆ నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతాయి, జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు వలిచేవాళ్ల చేతులు చూస్తే తెలుస్తుంది. చేతులు, వీపు పలక, పట్టెలకి అవిసె నూనె పూసి తుడిచెయ్యండి, రెండు మూడు పూతలు, పూతకీ పూతకీ మధ్య బాగా ఆరనివ్వాలి. తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి మూల పడెయ్యకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, తీగ మీద పరిచి ఆరేసి తర్వాత పారెయ్యండి. నూనె పూర్తిగా ఆరాకే తాడు అల్లాలి, లేకపోతే తాడు నూనె పీల్చి మరకలు.

కంచిలి_కుర్రోడు:
అర్థమైంది. ఆఖరి ప్రశ్న, పట్టెలు గుండ్రంగా రావాలంటే లేత్ దగ్గరకి తీసుకెళ్లాలా? మేస్త్రి దగ్గర చిత్రిక, ఉలి, రంపాలే ఉన్నాయి.

చిత్రిక_పట్టు:
అక్కర్లేదు. 1.25 చదరంగా చిత్రిక పట్టించండి. ప్రతి ముఖం మీదా రెండు అంచుల నుంచీ 9 మిల్లీమీటర్ల దగ్గర గీతలు గీసి, ఆ గీతల దాకా మూలలు చెక్కేస్తే ఎనిమిది ముఖాలు వస్తాయి, ఎనిమిదీ ఇంచుమించు సమానంగా. మళ్లీ ఆ ఎనిమిది మూలలూ కొంచెం కొంచెం లేపేస్తే పదహారు, ఆ తర్వాత గరుకు కాగితం పట్టీలా చించి చెప్పుకి పాలిష్ చేసినట్టు ఇటూ అటూ లాగండి. అచ్చం గుండ్రంగా రాకపోయినా నష్టం లేదు, తాడు తగిలే చోట పదును లేకపోతే చాలు. కుసులు మాత్రం గుండ్రంగానే రావాలి, ముందు ఒక పనికిరాని ముక్కలో ముప్పావు అంగుళం బెజ్జం వేసి పెట్టుకుని ప్రతి కుసినీ దాన్లో దూర్చి చూసుకుంటూ చెక్కమనండి, చేత్తో తోస్తే దూరకూడదు, సుత్తితో నాలుగు దెబ్బలకి దిగాలి.